వాస్కులర్ సర్జరీ నేర్చుకోవాలంటే: ఎంబీబీఎస్ వార్డు నుంచి ఎం.సీహెచ్ సీటు దాకా

మన భాషలోనే ఒక చిక్కుంది. మెదడు నుంచి కబురు మోసేదీ నరమే, రక్తం మోసేదీ నరమే. సెలైన్ పెట్టబోతూ సిస్టర్ "నరం దొరకట్లేదు" అంటుంది. పిక్కల మీద సిరలు ఉబ్బినాయన "నరాలు ఉబ్బాయండీ" అంటూ న్యూరాలజీ ఓపీ చీటీ రాయించుకుంటాడు. అక్కడ మధ్యాహ్నం దాకా కూర్చుని, ఇది మా దగ్గర కాదని చెప్పించుకుని ఇంటికి పోతాడు. ధమని, సిర అన్న మాటలు పదో తరగతి జీవశాస్త్రంతోనే సరి. అందుకే రోగులకే కాదు, చాలామంది ఎంబీబీఎస్ విద్యార్థులకు కూడా వాస్కులర్ సర్జన్ అనే మనిషి ఒకరుంటారని ఫైనల్ ఇయర్ దాకా తెలీదు. నాకూ తెలీదు. మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకు "గుండె డాక్టరు లాంటిదే" అని చెప్పి ఊరుకుంటుంది.

గుండె లోపలివి, మెదడు లోపలివి వదిలేస్తే మిగతా ఒంట్లోని రక్తనాళాలన్నీ మా పనే. షుగర్ పేషెంట్ల పుండు పడ్డ పాదాలు, బీడీలతో మూసుకుపోయిన కాలి ధమనులు, డయాలసిస్ కోసం చేతికి వేసే ఫిస్టులా (ధమనికి సిరను కలపడం), పొట్టలో ఉబ్బిన అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని), మెడలో సన్నబడిన కెరోటిడ్ ధమని, వెరికోస్ వెయిన్స్, బైక్ యాక్సిడెంట్లలో తెగిన పాప్లిటియల్ (మోకాలి వెనక ధమని). 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు. పని ఎంతుందో మీరే లెక్కేసుకోండి.

దారి చెప్పడానికి తేలిక: ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు, ఎంఎస్ జనరల్ సర్జరీ మూడేళ్ళు, ఆపైన సూపర్ స్పెషాలిటీ డిగ్రీ ఎం.సీహెచ్ వాస్కులర్ సర్జరీ మూడేళ్ళు. మధ్యలో ఎక్కడా ఆగకపోతే పదకొండున్నరేళ్ళు. ఈ దారిలో అందరూ ర్యాంకు దగ్గరే తలపట్టుకుంటారు. నేను చూసినంతలో అసలు తేడా వచ్చేది ఆ ఎం.సీహెచ్ మూడేళ్ళలో మీ చేతికి ఏం దక్కిందన్న దగ్గరే. కింద రాసినదంతా ఆ లెక్కతోనే రాశాను.

1. ముందు వేళ్ళకు పని చెప్పండి

ఇది ఎంబీబీఎస్ సెకండ్ ఇయర్‌లోనే మొదలుపెట్టొచ్చు, పైసా ఖర్చుండదు. మెడిసిన్ పోస్టింగ్‌లో ఉన్నా సర్జరీలో ఉన్నా రోజుకు ఇద్దరు పేషెంట్ల కాళ్ళల్లో పల్స్ పట్టుకోండి. నాలుగు చోట్ల చూడాలి: గజ్జలో ఫెమోరల్, మోకాలి వెనక పాప్లిటియల్, లోపలి చీలమండ వెనక పోస్టీరియర్ టిబియల్, పాదం మీద డోర్సాలిస్ పీడిస్.

పాదం మీది పల్స్ కోసం బొటనవేలు పైకి లేపమనండి. ఒక టెండన్ తాడులా తేలుతుంది. దానికి కాస్త బయటి పక్కన, పాదం మధ్యలో, మూడు వేళ్ళు తేలిగ్గా ఆనించండి. గట్టిగా నొక్కారా, ఆ పల్స్ మాయమై మీ వేలి పల్సే మీకు తగులుతుంది. అనుమానం వస్తే రెండో చేత్తో పేషెంటు మణికట్టు పట్టుకుని రెండూ ఒకేసారి కొడుతున్నాయా చూసుకోండి. కొందరికి పుట్టుకతోనే ఆ పల్స్ చేతికి అందదు, అప్పుడు పోస్టీరియర్ టిబియల్ మీద ఆధారపడాలి. పాప్లిటియల్ మాత్రం మొండిది. మోకాలు కొద్దిగా మడిపించి, రెండు చేతుల వేళ్ళతో వెనక నుంచి ఎముకకేసి నొక్కాలి. అది వెతక్కుండానే కొట్టొచ్చినట్టు తగిలిందంటే సంతోషించకండి, అక్కడ అన్యూరిజం (ధమని ఉబ్బు) ఉందేమో చూడండి.

దీనికింత చోటు ఎందుకిస్తున్నానంటే, ఎంఎస్ ఫస్ట్ ఇయర్‌లో నేను చేసిన తప్పు ఇక్కడిదే. క్యాజువాలిటీలో రద్దీగా ఉన్న సాయంత్రం. కాలు నొప్పి, తిమ్మిరి అంటూ ఒక పెద్దాయన వచ్చాడు. సాక్సు తీయించకుండానే కేస్ షీట్‌లో "పెరిఫెరల్ పల్సెస్ ఫెల్ట్" అని రాసేశాను, అందరూ రాసే మాటే కదా అని. పొద్దున రౌండ్స్‌లో సీనియర్ సాక్సు లాగేసరికి పాదం చల్లగా, మచ్చలు మచ్చలుగా ఉంది. రక్తం ఆగిన కాలికి మొదటి ఆరు గంటలే కీలకం. అవి నా షీట్ మీదే గడిచిపోయాయి. కాలు మోకాలి పైదాకా తీసేయాల్సొచ్చింది. ఆ తర్వాత పల్స్ పట్టుకోకుండా ఆ మాట నేనెప్పుడూ రాయలేదు.

పల్స్‌తో పాటు ప్రశ్నలు అడగడం నేర్చుకోండి. "కాళ్ళ నొప్పులున్నాయా?" అంటే అరవై దాటిన వాళ్ళెవరైనా ఉన్నాయనే అంటారు. అలా కాకుండా, "ఇంటి నుంచి బయల్దేరితే ఎక్కడికి వచ్చేసరికి పిక్క పట్టేస్తుంది? నిలబడితే తగ్గుతుందా, కూర్చుంటేనే తగ్గుతుందా?" అని అడగండి. రామాలయం దాకా నడిచి ఆగిపోతాను, రెండు నిమిషాలు నిలబడితే మళ్ళీ నడుస్తాను అన్నారంటే అది రక్తనాళం కథ. కూర్చుని ముందుకు వంగితేనే తగ్గుతుందంటే నడుము వైపు చూడాలి. "రాత్రిళ్ళు కాలు మంచం కిందికి వేలాడేస్తే హాయిగా ఉంటుందా?" అన్న ప్రశ్నకు అవునన్నారంటే ఇక ఆలస్యం చేయకూడదు. బీడీ, సిగరెట్, చుట్ట ఏదన్నదీ, రోజుకెన్నన్నదీ అడగండి. ముప్పై అయిదేళ్ళ మనిషి కాలి వేలు నల్లబడి వచ్చి, రోజుకు రెండు కట్టల బీడీ అన్నాడంటే పొగాకుతో చిన్న రక్తనాళాలు మూసుకుపోయే బర్జర్స్ డిసీజ్ గుర్తుకు రావాలి.

మూడోది ఏబీఐ, అంటే చీలమండ బీపీని చేతి బీపీతో భాగించడం. హ్యాండ్ డాప్లర్ (రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న మెషిన్) ఒకటి సర్జరీ డిపార్ట్‌మెంట్ బీరువాలో ఎక్కడో పడే ఉంటుంది, అడిగి తీయించండి. పేషెంటును అయిదు నిమిషాలు పడుకోబెట్టి, చీలమండ పైన కఫ్ కట్టి, జెల్ రాసి ప్రోబ్‌ను వాలుగా పట్టుకోండి. చప్పుడు ఆగిపోయే దాకా గాలి కొట్టి, మెల్లగా వదులుతుంటే మళ్ళీ ఎక్కడ వినిపించిందో అదే సిస్టాలిక్. పాదంలో రెండు ధమనుల్లో ఎక్కువ వచ్చినదాన్ని, రెండు చేతుల్లో ఎక్కువ వచ్చినదానితో భాగించాలి. చీలమండ దగ్గర 84, చేతికి 140 అయితే 0.6. 0.9 లేదా అంతకన్నా తక్కువైతే జబ్బున్నట్టే. 1.4 దాటితే బాగున్నట్టు కాదు, షుగర్‌తో గోడలు సున్నంలా గట్టిపడి కఫ్‌కు లొంగట్లేదని అర్థం. అప్పుడు కాలి వేలి ప్రెషర్ చూడాలి. ఈ ఒక్క ముక్క తెలియక షుగర్ పాదాలకు "నార్మల్" అని రాసి పంపేసిన రిపోర్టులు నేను చాలా చూశాను.

2. ఎంబీబీఎస్‌లో దొరికే చిన్న తలుపులు

చాలా కాలేజీల్లో వాస్కులర్‌కు విడిగా డిపార్ట్‌మెంట్ ఉండదు. సర్జరీ యూనిట్లలో ఒకరిద్దరు ప్రొఫెసర్లకు ఆసక్తి ఉంటుంది, లేదా సీటీవీఎస్ (గుండె, ఛాతీ సర్జరీ) వాళ్ళు చూసుకుంటారు. వాళ్ళెవరో ముందు కనుక్కోండి.

ఐసీఎంఆర్ వాళ్ళ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసం. రెండు నెలల చిన్న పరిశోధన, స్టైపెండ్ కూడా ఉంటుంది. షుగర్ ఓపీకి వచ్చే వందమంది పాదాలకు ఏబీఐ చూడటం లాంటి టాపిక్ చక్కగా సరిపోతుంది: ఖర్చు లేదు, మెషిన్ ఉంది, పేషెంట్లకు కొదవ లేదు. గైడ్ ముందుగానే ఒప్పుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. కొత్త సిలబస్‌లో వచ్చిన ఎలెక్టివ్స్‌ను కూడా చాలామంది ఊరికే సంతకాలతో గడిపేస్తారు. మీరు వాటిని పెద్ద వాస్కులర్ యూనిట్‌లో అబ్జర్వర్‌గా పెట్టుకోవడానికి వీలవుతుందేమో అడగండి. మీ ప్రిన్సిపాల్ లెటర్, అక్కడి హెచ్‌ఓడీ ఒప్పుకోలు, ఈ రెండూ ముందుగా ఉంటేనే పని అవుతుంది. అక్కడికెళ్ళాక ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో నిలబడి మెడ సాచడం కన్నా, ఓపీలో డాప్లర్ పట్టుకునే రెసిడెంట్ పక్కన కూర్చోవడం వల్ల ఎక్కువ నేర్చుకుంటారు.

3. ఎంఎస్ జనరల్ సర్జరీ: పేరు కన్నా క్యాజువాలిటీ చూడండి

ఎం.సీహెచ్ వాస్కులర్‌కు ఎంఎస్ లేదా డీఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే, ఎంఎస్ లాంటి డిగ్రీ) జనరల్ సర్జరీ ఉండాలి. న్యూరో, ప్లాస్టిక్ లాంటి వాటికి డీఎన్‌బీలో ఎంబీబీఎస్ నుంచి నేరుగా ఆరేళ్ళ కోర్సు ఉందని విని ఇక్కడా ఉంటుందనుకుంటారు కొందరు. ఆ ఆశ పెట్టుకోకండి.

ఎంఎస్‌కు గవర్నమెంట్ కాలేజీ దొరికితే మంచిది. షుగర్ పాదాలు, యాక్సిడెంట్లు, డయాలసిస్ పేషెంట్లు అక్కడికే వస్తారు. ఫిస్టులా గురించి ఇక్కడే చెప్పాలి. 1966లో బ్రెసియా, చిమినో బృందం మణికట్టు దగ్గర ధమనికి సిరను కలిపే పద్ధతి ప్రచురించినప్పటి నుంచి డయాలసిస్‌కు ఇదే మొదటి దారి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎలా ఊళ్ళకు ఊళ్ళనే పట్టిందో మీకు తెలిసే ఉంటుంది. అలాంటి చోట ఒక మంచి ఫిస్టులా వేసే సర్జన్ దగ్గర్లో ఉండటం ఎంత తేడానో ఆలోచించండి. మీ యూనిట్‌లో ఎవరైనా ఫిస్టులాలు వేస్తుంటే వాళ్ళ వెనకే తిరగండి. లోకల్ అనస్తీషియా, చిన్న కోత, గంటా గంటన్నర పని. చిన్న రక్తనాళం కుట్టడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఆపరేషన్ లేదు.

థీసిస్ టాపిక్ మీకు నచ్చినట్టు పెట్టుకునే అవకాశం ఉంటే షుగర్ పాదం, డీవీటీ (లోతు సిరల్లో గడ్డ), వెరికోస్ వెయిన్స్, ఫిస్టులా ఫెయిల్యూర్‌లలో ఒకటి ఎంచుకోండి. పీజీల డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ మూడు నెలలను సెలవులా చూడకండి. కాలు నల్లబడ్డాక గానీ పేషెంటు పెద్దాసుపత్రికి ఎందుకు రాడో జిల్లా ఆసుపత్రి ఓపీలో కూర్చుంటే తెలుస్తుంది. మొదట ఆకు పసరు, తర్వాత ఆర్‌ఎంపీ డ్రెస్సింగ్, ఆ తర్వాత బస్సు చార్జీలకు డబ్బు.

4. ఇంటి దగ్గర కుట్టడం

మటన్ షాపులో గుండెకాయ అడగండి. "పైన గొట్టం కోయకుండా ఇవ్వు బాబాయ్" అని గట్టిగా చెప్పాలి, లేకపోతే అలవాటు ప్రకారం టక్కున కోసేస్తాడు. ఆ గొట్టమే అయోర్టా. పక్కనున్న పల్మనరీ ఆర్టరీ దానికన్నా పల్చన, సిర మీద ప్రాక్టీసుకు పనికొస్తుంది. మా రూమ్‌లో ఫ్రిజ్ విషయంలో పెద్ద గొడవే అయింది. స్టీలు డబ్బాలో పెట్టి పేరు రాసి ఉంచితే శాంతి ఉంటుంది. మాంసం ముట్టని వాళ్ళు సర్జికల్ గ్లోవ్ వేళ్ళు కత్తిరించి వాడుకోవచ్చు.

ఆపరేషన్ థియేటర్‌లో ఎక్స్‌పైరీ అయిన 6-0 ప్రోలీన్‌లు దొరుకుతాయి. రక్తనాళాలు కుట్టే సన్నటి దారం అది, అడిగి తెచ్చుకోండి. గొట్టాన్ని రెండుగా కోసి, రెండో ముక్క చివరను మొదటి దాని పక్కకు కుట్టడం మొదలుపెట్టండి. ఇక్కడ నాలుగు సంగతులు చేతికి ఎక్కాలి.

ధమని వైపు సూది ఎప్పుడూ లోపలి నుంచి బయటికి రావాలి. బయటి నుంచి లోపలికి గుచ్చితే, జబ్బు పట్టిన ధమనిలో లోపలి పొర ఊడి లోపలికి వేలాడుతుంది, రక్తం దాన్ని తెరచాపలా లేపి దారి మూసేస్తుంది. ఫోర్సెప్స్‌తో గోడ మొత్తాన్ని నలపకండి, బయటి పొరను మాత్రం అందుకోండి. ప్రోలీన్ దారాన్ని నీడిల్ హోల్డర్‌తో పట్టుకోకండి. కంటికి కనపడని చిన్న పగులు వస్తుంది, అది తెగేది రాత్రి రెండింటికే. ప్రోలీన్ జారుడు దారం కాబట్టి ముడులు ఆరేడు వేయాలి.

కుట్టాక ఒక చివర కట్టేసి, సిరంజితో రంగు నీళ్ళు ఎక్కించండి. ఎక్కడ చిమ్మితే అక్కడ మీ కుట్టు దూరమైంది. మొదటిసారి నాది పూలతోటకు నీళ్ళు పట్టే షవర్‌లా చిమ్మింది. ఇరవయ్యోసారికి రెండే చుక్కలు. 1912లో అలెక్సిస్ కారెల్‌కు నోబెల్ వచ్చింది ఈ కుట్టు పని, అవయవ మార్పిడి పరిశోధనలకే. గుండ్రటి నోటిని మూడు దారాలతో త్రికోణంలా లాగి కుట్టే ఆయన కిటుకు మీరూ ఒకసారి చేసి చూడండి.

5. పరీక్షలు

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే దీని గురించి కోచింగ్ వాళ్ళు మీకు ఇప్పటికే కావలసినంత టెన్షన్ పెట్టి ఉంటారు. ఎం.సీహెచ్ సీట్లకు రాసే నీట్ ఎస్ఎస్ 2017లో మొదలైంది, నేషనల్ బోర్డు నడుపుతుంది. సర్జరీ గ్రూపుకు పేపర్ జనరల్ సర్జరీ మీదే: 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1. వాస్కులర్ ప్రశ్నలు అందులో కొన్నే. కాబట్టి వాస్కులర్ మీద ప్రేమతో ఆ పెద్ద పుస్తకాలే చదువుకుంటూ కూర్చుంటే సీటు రాదు. ఎయిమ్స్, జిప్మర్, పీజీఐ లాంటి కేంద్ర సంస్థలకు ఐఎన్ఐ ఎస్ఎస్ వేరే, ఏడాదికి రెండుసార్లు. అందులో రాత పరీక్ష తర్వాత డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టి అడిగే రెండో దశ ఉంటుంది. పల్స్, ఏబీఐ, డాప్లర్ చప్పుళ్ళు అక్కడ అక్కరకొస్తాయి.

యూరాలజీ, సర్జికల్ గ్యాస్ట్రో, ప్లాస్టిక్‌ల ముందు కనిపించే తోపులాట వాస్కులర్ దగ్గర ఇంకా లేదు. సూపర్ స్పెషాలిటీ సీట్లు మిగిలిపోయి కటాఫ్ తగ్గించిన ఏళ్ళున్నాయి. అంటే ఒక మాదిరి ర్యాంకుతో కూడా మీకు అవకాశం ఉండొచ్చు. అలాగే ఏం దొరక్క, ఇష్టం లేకుండా ఈ కోర్సులో చేరేవాళ్ళూ ఉంటారు. సీటు వదిలేస్తే డిపాజిట్ పోవడం, బాండు డబ్బు కట్టడం, తర్వాతి ఏడాది పరీక్షకు అడ్డు పడటం లాంటివి ఉంటాయి కాబట్టి, ఆప్షన్లు పెట్టే ముందే ఆ ఏడాది నిబంధనలు ఒకటికి రెండుసార్లు చదవండి.

6. ఏ సీటు పెట్టుకోవాలి?

మనకు దగ్గర్లో హైదరాబాద్ నిమ్స్ ఉంది. మద్రాస్ మెడికల్ కాలేజీ, వేలూరు సీఎంసీ, చెన్నై శ్రీరామచంద్ర, తిరువనంతపురం శ్రీచిత్ర, కొచ్చి అమృత, ఇవన్నీ ఎం.సీహెచ్ వాస్కులర్ పేరున్న చోట్లు. నేషనల్ బోర్డు వైపు డాక్టరేట్ కోర్సు కూడా మూడేళ్ళే. బెంగళూరు జైన్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ గంగారామ్ లాంటి చోట్ల ఆ దారిలో శిక్షణ పొందినవాళ్ళు దేశమంతా ఉన్నారు. తమిళనాడు గవర్నమెంట్ కాలేజీల్లో సూపర్ స్పెషాలిటీ సీట్లలో సగం అక్కడి సర్వీసు డాక్టర్లకు పోతాయి, కాబట్టి మద్రాస్ సీట్లు కాగితం మీద కనిపించినన్ని మీకు అందవు. ఏ ఏడాది ఎక్కడ ఎన్ని సీట్లున్నాయో ఆ ఏటి సీట్ మ్యాట్రిక్స్‌లోనే చూడండి, సీనియర్ల నోటి లెక్క నమ్మకండి.

పేరు చూసి మోసపోయే అవకాశం ఇక్కడ చాలా ఉంది. కొన్ని చోట్ల ఓపెన్ సర్జరీ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ రక్తనాళంలోకి వైరు దూర్చి స్టెంట్ వేసే పనిలో ఆ వైరు పట్టుకునేది కార్డియాలజీ వాళ్ళో ఇంటర్వెన్షనల్ రేడియాలజీ వాళ్ళో. వాస్కులర్ రెసిడెంట్ క్యాథ్ ల్యాబ్ అద్దం బయట నిలబడి చూస్తాడు. ఇంకొన్ని చోట్ల దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది: అన్నీ స్టెంట్లు, బెలూన్లే, మూడేళ్ళలో ఒక్క బైపాస్ కూడా చేతికి రాదు. 1964లో చార్లెస్ డాటర్ కాలి ధమనిలోకి క్యాథెటర్లు దూర్చి దారి వెడల్పు చేసినప్పుడు, ఇది సర్జన్ల పని కాదని చాలామంది అనుకున్నారు. 1990లో పరోడి బ్యూనస్ ఎయిర్స్‌లో గజ్జ దారిన అయోర్టాలోకి గ్రాఫ్ట్ ఎక్కించాక ఆ మాట అనేవాళ్ళు తగ్గారు. ఈ రోజున ఓపెన్ సర్జరీ, వైరు పని రెండూ రాకుండా బయటికొచ్చే వాస్కులర్ సర్జన్ సగం సర్జనే.

అందుకని ఆప్షన్లు పెట్టే ముందు ఆ డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడున్న సెకండ్ ఇయర్ రెసిడెంట్‌కు ఫోన్ చేయండి. ఫస్ట్ ఇయర్‌కు ఇంకా ఏమీ తెలిసుండదు, ఫైనల్ ఇయర్ పరీక్ష బెంగలో ఉంటాడు. "బాగుందా అన్నా?" అని అడిగితే "బానే ఉంది" అనే జవాబే వస్తుంది. ఇలా అడగండి: పోయిన నెల మీరు స్వయంగా చేసిన ఫిస్టులాలు ఎన్ని? అర్ధరాత్రి చల్లబడ్డ కాలు వస్తే గజ్జ తెరిచి, గడ్డను లాగేసే ఫోగార్టీ బెలూన్ వేసేది మీరా, కన్సల్టెంటా? వారానికి క్యాథ్ ల్యాబ్ రోజులెన్ని, ఆ రోజు వైరు ఎవరి చేతిలో ఉంటుంది? డూప్లెక్స్ (రక్తనాళాల స్కాన్) మీరే చూస్తారా, రేడియాలజీకి పంపుతారా? మోకాలి కింది బైపాస్‌లు జరుగుతున్నాయా? ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కింద వచ్చే పేషెంటుకు స్టెంటు, గ్రాఫ్ట్ దొరుకుతుందా, లేక మెటీరియల్ లేక కాలు తీసేయాల్సి వస్తోందా? ఎంతమంది ఫ్యాకల్టీ, వాళ్ళల్లో ఈ ఏడాది వెళ్ళిపోయేవాళ్ళెవరైనా ఉన్నారా? ఈ ఆఖరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. ఒక్క మనిషి మీద నడిచే యూనిట్‌లో ఆ ఒక్కరూ రాజీనామా చేస్తే మీ మూడేళ్ళు గాల్లో దీపమే.

వీలైతే ఆ రెసిడెంట్ లాగ్‌బుక్ ఫోటో ఒకటి పంపమనండి. అందులో కేసు పక్కన రాసే అక్షరాలే అసలు కథ చెబుతాయి: చూశాడా, అసిస్ట్ చేశాడా, పెద్దవాళ్ళ పర్యవేక్షణలో చేశాడా, సొంతంగా చేశాడా. రెండేళ్ళయ్యాక కూడా పేజీ నిండా "అసిస్టెడ్" అనే ఉంటే ఆ సీటును కిందికి జరపండి, కాలేజీ ఎంత పేరున్నదైనా సరే.

7. బయటి దేశాలు, అనుకునేవాళ్ళకు

అమెరికాలో రెండు దారులు. మెడికల్ స్కూల్ అవగానే నేరుగా అయిదేళ్ళ ఇంటిగ్రేటెడ్ వాస్కులర్ రెసిడెన్సీ, లేదా అక్కడే అయిదేళ్ళ జనరల్ సర్జరీ చేసి ఆపైన రెండేళ్ళ ఫెలోషిప్. మన ఎం.సీహెచ్ చేసి వెళ్ళినా అక్కడి బోర్డు సర్టిఫికెట్‌కు అది లెక్కలోకి రాదని గుర్తుంచుకోండి. అక్కడే స్థిరపడాలనుకుంటే ఎంబీబీఎస్‌లోనే తేల్చుకోవాలి. యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1 మార్కులు 2022 నుంచి లేవు, పాస్ లేదా ఫెయిలే. కాబట్టి స్టెప్ 2 స్కోరు, అక్కడి డిపార్ట్‌మెంట్లలో చేసిన రీసెర్చి, ఉత్తరాలు, ఇవే మాట్లాడతాయి.

బ్రిటన్‌లో వాస్కులర్ 2012లో జనరల్ సర్జరీ నుంచి విడిపోయి సొంత స్పెషాలిటీ అయింది. ఎంఎస్ తర్వాత కొంతకాలం వెళ్ళి నేర్చుకుని తిరిగి రావాలనుకునేవాళ్ళకు అక్కడ మెడికల్ ట్రైనింగ్ ఇనిషియేటివ్ అనే పథకం ఉంది, గరిష్ఠంగా రెండేళ్ళు. నా సలహా అడిగితే, ఇక్కడ ఎం.సీహెచ్ పూర్తి చేసి, మీకు లోటనిపించిన ఒక్క విషయానికే ఆరు నెలలో ఏడాదో వెళ్ళండి. అయోర్టా స్టెంట్లు కావచ్చు, కాలి కింది సన్నటి ధమనులు కావచ్చు. ఏ లోటో తెలియకుండా వెళ్ళినవాళ్ళు ఫోటోలతో తిరిగొస్తారు.

8. చేరిన మొదటి ఆరు నెలలు

మొదటి నెలల్లో డ్రెస్సింగులు, డిబ్రైడ్‌మెంట్లు (కుళ్ళిన కండ తీసేయడం), రాత్రి ఫోన్లు, అంతే. ఎంఎస్ పూర్తి చేసి వచ్చి మళ్ళీ చీము తుడుస్తున్నామే అనిపిస్తుంది. కానీ ఏ పాదం నిలుస్తుందో, ఏది నిలవదో కళ్ళకు అలవాటయ్యేది ఆ డ్రెస్సింగుల్లోనే.

క్యాథ్ ల్యాబ్‌లోకి వెళ్ళే మొదటి రోజే మీ పేరు మీద, రేడియేషన్ ఎంత తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జ్ ఇప్పించుకోండి. వస్తుందిలే అని నెలల తరబడి పక్కవాడి ఏప్రన్ వేసుకుని తిరిగేవాళ్ళున్నారు. ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రత చూసే కేంద్ర బోర్డు) పరిమితి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. బ్యాడ్జ్ లేకపోతే మీకెంత తగిలిందో ఎవరికీ తెలీదు. థైరాయిడ్ షీల్డ్ వేసుకోండి, కాలు ఎక్స్‌రే వదిలే ఫ్లోరో పెడల్ మీద మర్చిపోకండి, బీమ్‌లో చేతులు పెట్టకండి. గర్భం వచ్చిన రెసిడెంట్లు ఆ సంగతి వెంటనే చెప్పాలి. అక్కణ్ణుంచి కడుపులో బిడ్డకు పరిమితి 1 మిల్లీసీవర్ట్ మాత్రమే. చెబితే కేసులు పోతాయని దాచిపెట్టుకున్న జూనియర్‌ను చూశాను, ఆ పని చేయకండి.

డాప్లర్ ప్రోబ్ మీ జేబులోనే ఉండాలి. ఫిస్టులా వేయబోయే చేతికి ఎవరూ సెలైన్ పెట్టకుండా, రక్తం తీయకుండా ముందు రోజే వార్డు సిస్టర్‌కు చెప్పండి, మంచానికి కాగితం అంటించండి. మంచి సిరలు చాలావరకు పాడయ్యేది మన సొంత వార్డులోనే.

ఇక మీ మొదటి ఫిస్టులా. ఎడమచేతి మణికట్టు, లోకల్ ఎక్కించారు, సిర చివరను ధమని పక్కకు కుట్టారు, క్లాంపులు ఒక్కొక్కటే వదిలారు. రెండు నిమిషాలు గాజుగుడ్డతో తేలిగ్గా అదిమి, సిర మీద వేలు పెట్టండి. పిల్లి గురగుర లాంటి వణుకు తగలాలి, అదే థ్రిల్. ఊరికే ఎగిరెగిరి కొడుతూ వణుకు లేకపోతే ముందుకెళ్ళే దారి ఎక్కడో మూసుకుందని. ఏమీ తగలకపోతే బీపీ ఎంతుందో అడగండి, సిర మెలిపడిందేమో చూడండి, పైన అడ్డంగా ఏ పొరైనా బిగిసి ఉంటే కోయండి, గోరువెచ్చటి సెలైన్ పోసి కాసేపు ఆగండి. అప్పటికీ థ్రిల్ రాకపోతే చర్మం కుట్టొద్దు. గడియారం వైపు చూడకుండా క్లాంపులు మళ్ళీ పెట్టి, ముందువైపు కుట్లు విప్పి లోపల గడ్డ ఉందేమో చూడండి. కన్సల్టెంట్‌ను పిలవాలనిపిస్తే అప్పుడే పిలవండి, డ్రెస్సింగ్ వేశాక కాదు.